పూవుల ఛాయాచిత్రములు – సద్విమర్శ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయకుండ నడచుట సామాన్య విషయము కాదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసిన నాటినుండియు మన పెద్దలు గ్రంథాలయమును పుస్తకములు దాచు కొట్టుగా భావింపలేదు. పదిమంది కూడి చదివి, చదివినదానిలో మంచిచెడ్డలు మాటలాడుకొను చోటుగా భావించిరి. చదువుట ఒక విద్య. చదివినదానిని గూర్చి ఎదుటివానికి ఉపకరించునట్లు చెప్పుట మరియొక విద్య. ఈ రెండవ విద్యను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. అయితే నేను చెప్పబోవునది పుస్తకములను గూర్చి కాదు, పూవుల బొమ్మలను గూర్చి.

నేడు కెమెరా లేని ఇల్లు అరుదు. చేతిలోని ఫోనే కెమెరా. పొలము గట్టున తంగేడు పూచినను, చెరువులో తామర విచ్చినను, కంచెమీద సీతాకోకచిలుక వాలినను, మన పిల్లలు వెంటనే బొమ్మ తీయుచున్నారు. తీసి పదిమందికి చూపుచున్నారు. చూచినవారు ఏమి చెప్పుచున్నారు? “సూపర్” అనువారు కొందరు. “ఇదేం ఫోటో?” అనువారు కొందరు. ఈ రెండు మాటలలో ఏ ఒక్కటియు ఆ పిల్లవాడు రేపు తీయబోవు బొమ్మకు అక్కరకు రాదు. బొమ్మలు తీయువారు వేలుగా పెరిగిరి కాని, బొమ్మను చూచి పనికివచ్చు మాట చెప్పువారు పెరుగలేదు. ఈ లోటు తీర్చుటకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదని నా నమ్మకము.

నేను వచ్చినది హైదరాబాదు ఫిల్మ్ నగర్ ప్రాంతమునుండి. ఆ పేరు వినగానే మీకు తారలు, స్టూడియోలు తలపునకు వచ్చును. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసునుండి క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చిన కాలమున, 1970ల దశకములో అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ కొండల చెంతనే అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పిరి. తరువాత రామానాయుడుగారి స్టూడియో వెలసినది. కాని ఆ నేలకు సినిమాకంటె ఎంతో పాత చరిత్ర కలదు. జూబ్లీ హిల్సు బండరాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ బండల నడుమ ముళ్లపొదలు, సీతాఫలపు చెట్లు, మోదుగులు పెరిగి, నెమళ్లు తిరిగెడి అడవి ఉండెను. అందులో మిగిలిన భాగమే 1998లో జాతీయోద్యానమైన కాసు బ్రహ్మానందరెడ్డి వనము. దాని విస్తీర్ణము చదరపు కిలోమీటరున్నరకు కొంచెము తక్కువ. చుట్టును మేడలు, రహదారులు. నడుమ ఈ పచ్చని తునక. తెల్లవారుజామున నడకకు వచ్చువారిలో కెమెరా పట్టినవారిని అక్కడ నిత్యము చూడవచ్చును.

ఫిల్మ్ నగర్‌ను నేను ప్రస్తావించుటకు మరియొక కారణము కలదు. బొమ్మను చూచి పనికివచ్చు మాట చెప్పు అలవాటు చలనచిత్ర వృత్తిలో చిరకాలముగా ఉన్నది. ఫిలిము మీద చిత్రములు తీసిన దినములలో నెగటివు లాబొరేటరీకి పోయి, కడిగి అచ్చు వేసి తెచ్చిన పిమ్మట, చిన్న హాలులో దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, ఎడిటరు కూర్చుండి చూచెడివారు. వీనిని వారు ‘రష్‌లు’ అందురు. ఆ చీకటి గదిలో పొగడ్తలకు చోటు తక్కువ. ఫోకసు సరిగా నిలిచినదా? నిన్నటి షాటులోని వెలుగుతో నేటి వెలుగు కలియుచున్నదా? కథానాయిక జడలోని పూలు వెనుకటి షాటులో ఉన్నట్లే ఉన్నవా? మరల తీయవలెనా, ఇది చాలునా? ఇట్టి ప్రశ్నలే వినవచ్చెడివి. మరల తీయుమనుటలో ఎంతో ధనము, ఎందరి శ్రమయో ఇమిడియుండుటచే మాటను తూచి, గురి చూచి చెప్పవలసి వచ్చెడిది. నేడు ఫిలిము వాడుక చాలవరకు పోయినది. తీసినదానిని అప్పుడే మానిటరుపై చూచుకొనుచున్నారు. అయినను ఆ ప్రశ్నలు మారలేదు. 1957 నాటి ‘మాయాబజారు’లో మార్కస్ బార్ట్లే చూపిన వెన్నెలను నేటికిని మనము తలచుకొనుచున్నాము. అట్టి వెన్నెల వట్టి పొగడ్తల నడుమ పుట్టదు.

ఇక విషయమునకు వత్తును. విమర్శలో రెండు దోషములు కలవు. మొదటిది వట్టి పొగడ్త. అది తీపి మాత్రమే, ఆహారము కాదు. నూరుమంది మెచ్చిన పిల్లవాడు ఐదేండ్ల తరువాతను అదే బొమ్మను అదే విధముగా తీయుచుండును. రెండవది వట్టి తెగడ్త. “నీ ఫోను మంచిది కాదు”, “నీకు చేతకాదు”, “ఇట్టివి వేలు చూచినాము” అనుట. ఒక్క మాటకు నొచ్చుకొని బొమ్మలు తీయుట మానివేసిన పిల్లలను నేనెరుగుదును. వారిలో ఆడపిల్లలే ఎక్కువ. వారికి ఇంటినుండి పొలమునకు వెళ్లి బొమ్మ తీయుటకు దొరకు వ్యవధియే తక్కువ గనుక, ఆ కొంచెమును కూడ వదలుకొనుట సులభమగును. ఆ దెబ్బ తగిలినది కెమెరాకు కాదు, చూచు కంటికి.

మన సాహిత్యమున ఈ చర్చ కొత్తది కాదు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వ విచారము’ వ్రాసినప్పుడు గొప్ప కావ్యమందును గుణములతోపాటు దోషములను కారణములతో చెప్పవచ్చునని తెలుగువారికి చూపిరి. వారితో ఏకీభవింపనివారును కారణములతోనే బదులు చెప్పవలసి వచ్చెను. సద్విమర్శ లక్షణ మిదియే. అది కారణము చెప్పును. బదులు చెప్పుటకు అవకాశ మిచ్చును. చేసినవానిని కాక చేసిన పనిని ముట్టును.

సద్విమర్శకు నాలుగు మెట్లు కలవని నా అభిప్రాయము. మొదటి మెట్టు మౌనముగా చూచుట. అర నిమిషమైన బొమ్మను చూడక నోరు విప్పరాదు. మొదట నా కన్ను ఎక్కడికి పోయినది? తరువాత ఎక్కడికి తిరిగినది? ఎక్కడ చిక్కుకొన్నది? ఇది గమనించుకొనవలెను. రెండవ మెట్టు అడుగుట. “నీవు దేనిని చూపదలచినావు?” అని తీసినవానిని అడుగవలెను. తామరను చూపదలచినవాని బొమ్మ వేరు, తామర నిండిన చెరువును చూపదలచినవాని బొమ్మ వేరు. వాని ఉద్దేశము తెలియక చేయు విమర్శ, చిరునామా లేని ఉత్తరము వంటిది. మూడవ మెట్టు, కుదిరినదానిని పేరు పెట్టి చెప్పి, కుదురనిదానిలో ఒకటి రెండింటిని మాత్రము కారణముతో చెప్పుట. పది తప్పులు ఒక్కసారి చెప్పినచో ఒక్కటియు దిద్దబడదు. నాలుగవ మెట్టు, దిద్దుకొను దారి చూపి, నిర్ణయమును వానికే విడిచిపెట్టుట. బొమ్మ వానిది, మనము తోడు వచ్చినవారము మాత్రమే.

ఒక ఉదాహరణము చెప్పుదును. తంగేడు మన రాష్ట్ర పుష్పము; 2014లో తెలంగాణ ప్రభుత్వము దానిని ఎన్నుకొన్నది. బతుకమ్మ పండుగనాటికి మన గుట్టలన్నియు పసుపు పూసినట్లుండును. మీ ఊరి బాలిక ఒకతె మధ్యాహ్నపు టెండలో తంగేడు బొమ్మ తీసి తెచ్చినదని అనుకొందము. పూవు నడుమ ఉన్నది. వెనుక తెల్లని బండ మెరయుచున్నది. రేకులు పసుపు ముద్దవలె ఉన్నవి. “ఎండ ఎక్కువైంది” అని ఊరకున్నచో ఆమెకు తెలిసినది స్వల్పము. ఇట్లు చెప్పినచో?

“అమ్మా, పూగుత్తిని కిందినుండి చూచినావు. దానిచే గుత్తి ఆకాశమునకు ఎదిగినట్లున్నది. ఆ చూపు విడువకుము. అయితే నా కన్ను పూవుకంటె ముందు ఆ తెల్లని బండ మీదికి పోవుచున్నది. బొమ్మలో ఎక్కువ వెలుగున్న చోటికి కన్ను పోవుట స్వభావము. రెండడుగులు పక్కకు జరిగినచో బండకు బదులు చెట్టు నీడ వెనుకకు వచ్చెడిది. రేకులమీది సన్నని ఈనెలు, వంపు తిరిగిన కేసరములు కనబడవలెనన్న, ఉదయము ఏడు గంటలకు ఒకమారు ప్రయత్నించి చూడుము.”

ఇందులో మెప్పు ఉన్నది, తప్పు ఉన్నది, కారణమున్నది, దారి ఉన్నది. ఆ బాలిక రేపు ఉదయము ఏడు గంటలకు లేచి పోవును. సద్విమర్శ ఫలించినదా లేదా అనుటకు పరీక్ష ఒక్కటే: విన్నవాడు మరల బయలుదేరవలెను.

కారణము చెప్పవలెనన్న విమర్శకునకును కొంత వస్తుజ్ఞానము కావలెను. పూవుల బొమ్మలలో తరచుగా కనబడు చిక్కులు నాలుగైదు మాత్రమే. తెల్లపూల సంగతి చూడుడు. ముదురాకుపచ్చ ఆకుల నడుమ మల్లెపూవును తీసినప్పుడు, కెమెరా ఆకుల చీకటిని చూచి బొమ్మనంతటిని వెలిగించును. అందుచే మల్లె కాలిపోయిన కాగితమువలె తెల్లబడి, రేకుల గీతలు మాయమగును. పూవుమీద వేలుంచి, వెలుగును కొంత తగ్గించినచో గీతలు మరల కనబడును. ఎర్రమందారము చిక్కు వేరు. ఎరుపు రంగు హద్దు మీరి నిండిపోయి, రేకు ఒక్క ముద్దయగును. మబ్బుపట్టిన వేళ గాని, నీడపట్టున గాని తీయుమని చెప్పవలెను.

గాలి మరియొక చిక్కు. దగ్గరనుండి తీసిన కొలది పూవుతోపాటు దాని కదలికయు పెద్దదై కనబడును. దూరము నుండి కనబడని ఊపు దగ్గరకు రాగానే బొమ్మను అలుకును. షట్టరు వేగము పెంచుట ఒక మార్గము. గాలి నిలిచిన క్షణము కొరకు ఓర్పుతో వేచియుండుట ఖర్చులేని మార్గము. ఫోకసు సంగతియు అట్టిదే. లెన్సు పూవునకు దగ్గరైన కొలది, స్పష్టముగా నిలుచు మేర సన్నగిల్లి కొన్ని సందర్భములలో వెంట్రుకవాసి యగును. “పూవంతా మసకగా ఉంది” అనుటకంటె, “కెమెరాను రేకుల తలమునకు సమముగా పట్టుము, అన్ని రేకులును ఒకే దూరములో నుండును” అనుట మేలు. సీతాకోకచిలుక రెక్కలకును ఇదే సూత్రము.

పరికరమును నిందించుట సులభము, కాని నిష్ప్రయోజనము. ఆంగ్ల వనిత అన్నా అట్కిన్స్ 1843లో నీటి నాచుల చిత్రములతో పుస్తకము వెలువరింప నారంభించినప్పుడు ఆ బొమ్మలకు కెమెరాయే వాడలేదు. మందు పూసిన కాగితముమీద మొక్కనుంచి ఎండలో పెట్టి నీలిరంగు అచ్చులు తీసెను. ఛాయాచిత్రములతో వెలువడిన మొదటి పుస్తకముగా దానిని చెప్పుదురు. జర్మనీ దేశస్థుడు కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ తాను స్వయముగా తయారు చేసికొన్న కెమెరాతో మొగ్గలను, తీగల కొనలను ఏండ్ల తరబడి తీసి, 1928లో ప్రకటించిన పుస్తకముతో ప్రపంచ ప్రసిద్ధుడయ్యెను. మన హైదరాబాదులో 1885లో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళుకు ఫిలిము చుట్టయు లేదు, తెరయు లేదు; బరువైన గాజు పలకలే ఆధారము. కావున ఫోను వెలను గూర్చిన మాట విమర్శలోనికి రాకూడదు. ఆ ఫోనుతో ఏమి సాధ్యమో చెప్పినచో చాలును.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను. ప్రకృతి ఛాయాచిత్రము అందమునకు మాత్రమే కాదు, సాక్ష్యమునకును పనికివచ్చును. ఫిల్మ్ నగర్ పరిసరములలో ఎన్ని బండలు పగిలి పునాదులైనవో, ఎన్ని పొదలు మాయమైనవో అక్కడ చిరకాలముగా ఉన్నవారు చెప్పగలరు. పోయినదానిని చూపుటకు మిగిలినవి బొమ్మలే. 2016లో జాతీయోద్యానము చుట్టును వంతెనలు కట్టుటకై చెట్లు తీయు ప్రతిపాదన వచ్చినప్పుడు నగరవాసులనేకులు వద్దని నిలిచిరి. 2025లో గచ్చిబౌలి కంచె భూమిలో సుమారు 400 ఎకరముల విషయమై వివాదము చెలరేగి, ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించెను. ఆ దినములలో నెమళ్ల బొమ్మలు, జింకల బొమ్మలు దేశమంతటను తిరిగినవి. వానిలో కొన్ని కృత్రిమ మేధతో కల్పించినవని గొప్ప వివాదము పుట్టెను. దాని ఫలిత మేమి? ఒక్క కల్పిత చిత్రము బయటపడగానే, నిజమైన చిత్రములను కూడ జనులు అనుమానముతో చూడ నారంభింతురు. ఇది ఏ పక్షమువారికిని మేలు కాదు. నెమలికి అసలే మేలు కాదు.

కావున విమర్శకుడు అందమును గూర్చి అడుగుటకు ముందు సత్యమును గూర్చి అడుగవలెను. ఎక్కడ తీసినావు? ఏ దినమున? ఏమైన చేర్చినావా, తీసివేసినావా? “ఆ కరెంటు తీగ అడ్డముగా ఉంది, చెరిపేయి” అను సలహా నేడు మిక్కిలి సులభమైనది. అలంకారమునకు గోడకు తగిలించు బొమ్మ యైనచో అట్లే కానిండు, కాని చెరిపినట్లు చెప్పవలెను. పాలపిట్ట తీగమీద వాలినది నిజమైనచో, ఆ తీగయు దాని బ్రతుకులోని భాగమే. తీగను చెరిపిన బొమ్మ ముప్పది ఏండ్ల తరువాత చూచువానికి అబద్ధము చెప్పును. మద్రాసులో నివసించిన ప్రకృతి శాస్త్రవేత్త ఎం. కృష్ణన్ 1950 నుండి 1996లో కన్నుమూయువరకు పత్రికలో ప్రకృతిని గూర్చి వ్రాయుచు, నలుపు తెలుపులలో అడవి జంతువులను తీసెను. చూచినదానిని చూచినట్లు చెప్పుటయే ఆయన కీర్తికి మూలము.

రెండవ ప్రశ్న దయను గూర్చినది. ఈ బొమ్మకై ఏ ప్రాణికి బాధ కలిగినది? గిజిగాడి గూటిని దగ్గరగా తీయుటకు కొమ్మ వంచువారును, ఆకులు తుంచి గూటిలోని పిల్లలను చూపువారును కలరు. ఆకుల మరుగు పోయిన గూడు ఎండకును, కాకికిని అప్పగించినట్లే. తల్లి బెదరి తిరిగి రాకపోవచ్చును. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మన ఆచారము. దానికై పక్షిని పట్టి పంజరమున పెట్టి చూపువారు కలరు; ఆ పంజరము ముందు నిలిచి బొమ్మ తీసికొనువారును కలరు. అడవిపక్షిని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. అట్టి బొమ్మ ఎంత స్పష్టముగా నున్నను మెచ్చరాదు. మనము “బాగుంది” అనిన ప్రతి గూటి బొమ్మయు మరి పదిమందిని గూళ్ల చెంతకు పంపును. మెప్పునకు ఇంత బాధ్యత కలదని అందరును ఎరుగవలెను. అయితే తీసినవాడు పసివాడైనచో నలుగురిలో అవమానింపక, పక్కకు పిలిచి కారణము చెప్పవలెను.

“ఎవరికి నచ్చినది వారికి అందము, దీనిని విమర్శించుట ఎందులకు?” అని కొందరు అడుగవచ్చును. నచ్చుట నచ్చకపోవుట ఎవరి ఇష్టము వారిదే. కాని నచ్చినది ఎందుకు నచ్చినదో చెప్పుకొనగలుగుట విద్య. ఆ విద్య అబ్బినవాడు పూవును బొమ్మలోనే కాక చెట్టుమీదను చక్కగా చూచును. చక్కగా చూచినవాడు దానిని తేలికగా నరకనీయడు.

ఈ రజతోత్సవ సమయమున కార్యవర్గమువారికి ఒక చిన్న సూచన. గ్రంథాలయములో ఒక గోడను ఖాళీచేసి ఇండు. నెలకొక మారు మన ఊరి వారు తీసిన బొమ్మలలో పదింటిని కాగితముమీద అచ్చు వేయించి అంటింపుడు. ప్రతి బొమ్మ క్రింద చోటు, తేదీ, మొక్క పేరు వ్రాయింపుడు. ప్రక్కన ఒక నోటుబుక్కు వ్రేలాడదీయుడు. చూచినవారు మూడు వాక్యములు వ్రాయవలెనని నియమ ముంచుడు: మొదట ఏది కనబడినది, ఏది కుదిరినది, మరల తీసినచో ఏమి మార్చవచ్చును. క్రింద తమ పేరు వ్రాయవలెను. పేరు చెప్పలేని మాట వ్రాయరాదు.

ఇందు మన వృద్ధులకు పెద్దపీట వేయవలెను. వారికి లెన్సు సంగతి తెలియకపోవచ్చును. కాని పిల్లవాడు ‘ఎర్రపూవు’ అని వ్రాసినచోట “ఇది మోదుగ రా బిడ్డా, ఫాల్గుణంల పూస్తది, మా చిన్నప్పుడు దీని పూలతోనే హోలీ రంగు చేసేటోళ్లం” అని చెప్పగల అవ్వ మన ఊరిలో ఉన్నది. అంతకంటె విలువగల విమర్శ యేది? బొమ్మకు పేరు వచ్చినది, ఋతువు వచ్చినది, కథ వచ్చినది. పిల్లవానికి వచ్చే ఫాల్గుణమున ఎక్కడికి పోవలెనో తెలిసినది. ఇట్లు పండ్రెండు నెలలు గడచునప్పటికి నూట ఇరువది బొమ్మలగును. వానిని జిల్దు కట్టించి అలమరలో పెట్టినచో, ఈ ఊరి చెట్టుచేమలను గూర్చి ఈ ఊరివారే కూర్చిన గ్రంథ మొకటి మన గ్రంథాలయమునకు చేరును. అట్టి పుస్తకము ఏ అంగడిలోను దొరకదు.

మెచ్చుకొనుటలో సత్యము, తప్పు చెప్పుటలో దయ, రెండింటను కారణము: ఈ మూడును ఉన్న చోట పిల్లలు పెరుగుదురు, కళ పెరుగును.  మొదటి నెల బొమ్మలు గోడమీద అంటించిన దినమున నాకొక కార్డు వ్రాయుడు. వచ్చి, చూచి, నా మూడు వాక్యములను నేనును మీ నోటుబుక్కులో వ్రాసి పోదును.